పరగడుపు

శ్యాంసుందర్ పెళ్లయిన ఇన్నేళ్లకు మొదటిసారి పెసరట్టు వేశాడు. మొదటిది పెనానికి అంటుకుపోయింది. రెండోది తిరగేయబోతే చిరిగింది. మూడోది కాస్త అట్టులా కనిపించాక దాని మీద అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర చల్లి చుట్టూ నెయ్యి పోశాడు. ఉల్లిపాయ వేయలేదు. శనివారమని గుర్తుంది. మధ్యలో ఉప్మా పెట్టి మడిచి, పళ్లెంలో వేసి తెచ్చి భార్య ముందు పెట్టాడు.

కాత్యాయని తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని, దేవుడి అలమర దగ్గర్నుంచి అప్పుడే లేచి వచ్చింది. పళ్లెం వంక చూసింది. భర్త వంక చూసింది.

"ఏంటండీ ఇది?"

"కనపడట్లేదా? పెసరట్టు."

"కనపడుతోంది. మీరెందుకు వేశారూ అని."

"పరీక్షకి వెళ్తున్నావు. నీరసం వస్తుంది. తిను."

గదిలోంచి నందిత బయటికొచ్చింది. ఇరవయ్యేళ్ల కూతురు, యూనివర్సిటీలో చదువుతోంది. తండ్రి చేతిలో అట్లకాడ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"వా, డాడీ కుకింగ్ ఆ? సమ్‌బడీ డయింగ్, ఈజ్ ఇట్?"

"నోర్ముయ్" అన్నాడు శ్యాంసుందర్ నవ్వుతూనే.

కాత్యాయనికి శనివారం ఉపవాసం. మన ఇళ్లలో ఆడవాళ్ల ఉపవాసం ఎలా ఉంటుందో తెలిసిందే. అన్నం ముట్టరు. పూజయ్యాక టిఫిన్ తింటారు, రాత్రికి మళ్లీ టిఫిన్ తింటారు. అన్నం దిగలేదు కాబట్టి అది ఉపవాసమే. దేవుడు కూడా ఇంతవరకు అభ్యంతరం చెప్పలేదు.

ఆ శనివారాన్ని శ్యాంసుందర్ ఏరికోరి పెట్టించాడు. క్లినిక్ వాళ్లు శుక్రవారం రమ్మంటే కుదరదన్నాడు. అతని ఫోన్‌కి సందేశం వచ్చింది. లివర్ స్కాన్‌కి ముందు మూడు గంటలు ఏమీ తినకూడదు, తింటే కాలేయానికి రక్తం ఎక్కువగా పారి, లేని గట్టితనం ఉన్నట్టు కనపడవచ్చు. సింగపూర్ రాఫెల్స్ ప్లేస్‌లోని బ్యాంకు ఆఫీసుకు వెళ్తూ, రైల్లో కమ్మీ పట్టుకుని నిలబడి, ఆ వాక్యం మళ్లీ మళ్లీ చదువుకున్నాడు. భార్యకు చెప్పలేదు.

"ఇంకోటి వేస్తాను."

"చాలండీ."

"ఒక్కటి."

కాత్యాయని రెండోది కూడా తిన్నది. తొందర లేకుండా, ముక్క ముక్క తుంచుకుని, పళ్లెంలో మిగిలిన నెయ్యి అంచుతో సహా తుడుచుకుని తిన్నది.

టాంపినీస్ నుంచి సిటీలోకి వెళ్లే రైల్లో ఇద్దరికీ పక్కపక్కనే సీట్లు దొరికాయి. కాత్యాయని కిటికీలోంచి బయటికి చూస్తూ ముంజేయి గోక్కుంటోంది. కొన్నాళ్లుగా ఉన్న అలవాటే. చర్మం పొడిబారిందని కొబ్బరినూనె రాసుకుంటుంది.

ఆమె అన్న విశ్వనాథం తెనాలిలో మంచం పట్టాడు. హెడ్మాస్టరు చేసి దిగిన మనిషి. కాలేయం పాడైపోయింది. జన్మలో చుక్క తాగినవాడు కాదు. అయినా చాటుగా తాగేవాడని ఊరు తీర్పు చెప్పేసింది. ఎవరైనా కాలేయంలో ముక్క ఇస్తే బతుకుతాడన్నారు విజయవాడ డాక్టర్లు. రక్తం కుదిరినవాళ్లు ఇద్దరే, తమ్ముడు శశికాంత్, చెల్లెలు కాత్యాయని. శశికాంత్‌కి వ్యాపారం ఉంది, పిల్లలు చిన్నవాళ్లు, భార్య ఒప్పుకోదు, పైగా సాయంత్రం పూట మందు అలవాటు. "మా కాత్యాయని అయితే మాంసం ముట్టదు, మందు ముట్టదు. దాని లివర్ పాలమీగడలా ఉంటుంది" అని వదిన లక్ష్మీదేవి తేల్చేసింది.

ఇస్తావా అని కాత్యాయనిని ఎవరూ అడగలేదు. ఇస్తున్నావటగా అని అడిగారు.

శ్యాంసుందర్ అన్నీ చదివాడు. సగానికి పైగా కోసి తీస్తారు. మళ్లీ పెరుగుతుందంటారు. ఇచ్చినవాళ్లలో వెయ్యికి ఇద్దరో ముగ్గురో లేవరు. మూడు నెలలు బరువెత్తకూడదు. ఈ ఇంట్లో బియ్యం ఎక్కడుంటాయో కూడా అతనికి తెలియదు. భయమూ అలవాటూ కలిసిపోయి, ఏది ఎంతో అతనే చెప్పలేడు. వద్దని బావగారి మొహం మీద చెప్పే ధైర్యం లేదు. అందుకని పెసలు నానబోశాడు.

స్కాన్ తీసే ఆమె పేరు రోహానా. తలకు బూడిద రంగు గుడ్డ చుట్టుకుంది. గది చిన్నది, చల్లగా ఉంది.

"ఆంటీ, ఫాస్టింగ్ ఆ?"

శ్యాంసుందర్ అందుకున్నాడు. "యెస్, యెస్. సాటర్‌డే. హిందూ ఫాస్టింగ్."

"ఓ, లైక్ అస్ ఆ? గుడ్, గుడ్" అంది రోహానా ఆదరంగా. రంజాన్‌లో నెల్లాళ్లు పగలు మంచినీళ్లు కూడా ముట్టని ఉపవాసం ఆమెకు తెలిసిన ఉపవాసం. ఇంకేమీ అడగలేదు.

కాత్యాయని పైకప్పు చూస్తోంది.

రోహానా ఆమెను వెల్లకిలా పడుకోబెట్టి, కుడిచేయి తల కింద పెట్టించి, కుడికాలు ఎడమకాలి మీదుగా వేయించింది. పక్కటెముకల మధ్య సందు విచ్చుకోవడానికట. జాకెట్టు అంచు కొంచెం పైకి జరిపి వేలితో ఎముకలు తడుముకుంటూ వచ్చి, ఒకచోట ఆగి, చల్లటి జెల్ రాసింది. కలం కంటే లావుగా ఉన్న పరికరాన్ని అక్కడ నిలువుగా ఆనించి మీట నొక్కింది. గోటితో టక్కున కొట్టినట్టు చిన్న దెబ్బ. అంతే. సూది లేదు, కోత లేదు. ఆ దెబ్బ లోపలికి వెళ్తుంది. మెత్తటి కాలేయంలో మెల్లగా పాకుతుంది, గట్టిపడిన కాలేయంలో పరిగెత్తుతుంది. ఆ వేగాన్ని యంత్రం అంకె చేసి చూపిస్తుంది.

టక్. రోహానా తెర వంక చూసింది. టక్. మళ్లీ చూసింది. పరికరాన్ని ఒక ఎముక కిందికి జరిపింది. మరికాస్త జెల్ రాసింది. టక్. టక్. ఇందాకటిదాకా నీ కూతురేం చదువుతోంది, చీర ఎక్కడ కొన్నావు అని అడిగిన మనిషి ఒక్కసారిగా మాటలు మానేసింది.

తల్లికి తోడుగా వచ్చిన పిల్లాడిలా కుర్చీ అంచున కూచున్న శ్యాంసుందర్ మెడ చాచి తెర చూశాడు. పందొమ్మిది దాటి ఉంది. ఆరు లోపుంటే మంచిదని అతనికి తెలుసు. పెసరట్టుతో ఏడో ఎనిమిదో వస్తే చాలనుకున్నాడు. కొంచెం ఎక్కువగానే పనిచేసిందే అనుకున్నాడు. పెదవి చివర పుట్టిన నవ్వును అరచేత్తో తుడుచుకున్నాడు.

రోహానా జెల్‌ని కాగితంతో తనే తుడిచింది. అందరికీ కాగితం చేతికిచ్చేదే. కాత్యాయనికి మాత్రం తుడిచి, జాకెట్టు సర్ది, లేవడానికి భుజం పట్టుకుంది. "డాక్టర్ విల్ టెల్, ఆంటీ" అంది.

డాక్టరు ఇక్కడే పుట్టి పెరిగిన తమిళుడు. నలభై ఏళ్లుంటాయి. అంకె చూసి కాత్యాయనినే అడిగాడు, ఆఖరిసారి ఎప్పుడు తిన్నారని.

"ఎయిట్ థర్టీ. టిఫిన్" అంది కాత్యాయని.

డాక్టరు కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "మా అమ్మ కూడా ఇంతే. నో రైస్ మీన్స్ ఫాస్టింగ్. ఉపవాసం అని చెప్పి నాలుగు ఇడ్లీలు తింటుంది." తర్వాత అంకె వంక మళ్లీ చూశాడు. నవ్వు అక్కడితో సరిపోయింది. అరచేతులు చూపించమన్నాడు. అంచులు ఎర్రగా ఉన్నాయి. దురద ఎన్నాళ్ల నుంచని అడిగాడు. దెబ్బ తగలకుండానే ఒంటి మీద కమిలిన మచ్చలొస్తున్నాయా అని అడిగాడు. షుగర్ ఉందా అని అడిగితే, "బోర్డర్‌లో ఉందంటున్నారు, చాలా ఏళ్లుగా" అంది ఆమె.

"ఇవాళ రక్తం ఇచ్చి వెళ్లండి. బుధవారం పొద్దున మళ్లీ స్కాన్ చేద్దాం. కాఫీ కూడా వద్దు. అప్పటిదాకా మనం ఏమీ అనుకోవద్దు."

తిరుగు ప్రయాణంలో శ్యాంసుందర్ ఈలవేయబోయి ఆగాడు. పక్కన కాత్యాయని ఒడిలో అరచేతులు వెల్లకిలా పెట్టుకుని, ఎవరివో చేతులు చూస్తున్నట్టు చూస్తోంది.

*

ఆదివారం లక్ష్మీదేవి వీడియో కాల్ చేసింది. తెనాలి ఇంట్లో వెనకాల మంచం మీద విశ్వనాథం గోడకు ఆనుకుని కూచున్నాడు. కళ్లు పసుపుముద్దల్లా ఉన్నాయి. పొట్ట మీద దుప్పటి ఎత్తుగా లేచి ఉంది.

"ఏమైందమ్మా కాత్యాయనీ? నిన్ననగా చూపించుకున్నావు. ఫోన్ లేదు, పాడు లేదు."

కాత్యాయని నోరు తెరిచేలోపు శ్యాంసుందర్ ఫోన్ ముందుకు వంగాడు. "అంకె ఎక్కువొచ్చిందమ్మా. పనికిరాదన్నట్టే చెప్పారు. మేం కూడా చాలా బాధపడుతున్నాం."

"పనికిరాదా?"

"లేదు వదినా" అంది కాత్యాయని. "ఇంకా ఏం చెప్పలేదు. నేను తినేసి వెళ్లాను. తింటే లెక్క తప్పొస్తుందట. బుధవారం మళ్లీ రమ్మన్నారు."

లక్ష్మీదేవి మొహంలో ఏదో లెక్క సరిపోయింది.

"తినేసి వెళ్లావా! ఇక్కడ మా ఆస్పత్రిలో చుక్క నీళ్లు తాగినా గుమ్మంలోంచే పంపేస్తారు. సింగపూర్‌లో తిని రమ్మంటారా? ఏం తిన్నావమ్మా?"

"పెసరట్టు."

"బావుంది. ఇవ్వడం ఇష్టం లేకపోతే నోటితో చెప్తే సరిపోయేది కదమ్మా. పెసరట్టుతో చెప్పడం ఎందుకు?"

"లక్ష్మీ" అన్నాడు వెనకాల విశ్వనాథం.

"మీరూరుకోండి. మొహమాటపడి ఇంతదాకా తెచ్చుకున్నారు. ఆ శశికాంత్ గారు ఫోనే ఎత్తరు. ఈవిడేమో టిఫిన్లు తిని వెళ్తుంది. అన్నయ్యగారూ, మీరైనా చెప్పండి, మీ చెల్లెలికే ఇలా అయితే మీరు ఊరుకుంటారా?"

శ్యాంసుందర్‌కు చెల్లెళ్లు లేరు. ఆ మాట చెప్పే సందర్భం కాదు కాబట్టి తల ఊపాడు.

ఫోన్ పెట్టేశాక అతను గొంతు తగ్గించి, "తెగిపోయిన దాన్ని మళ్లీ ఎందుకు ముడేశావు?" అన్నాడు. కాత్యాయని లేచి వెళ్లి ఆరేసిన బట్టలు తీయడం మొదలుపెట్టింది. ఒక్కొక్కటీ దులిపి, అంచులు కలిపి మడతపెట్టింది. దిండు గలేబుల దాకా వచ్చాక ఆయాసంతో మంచం మీద కూచుండిపోయింది.

మంగళవారం సాయంత్రం అతను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆమె వంటింట్లో నేల మీద కూచుని గోరుచిక్కుళ్లు తుంచుతోంది. రెండు కొనలూ గిల్లి, పీచు లాగి, మధ్యకు విరిచి గిన్నెలో వేస్తోంది. శ్యాంసుందర్ చెప్పులు విప్పి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"రేపు లీవు పెట్టాను. నేను కూడా వస్తాను."

"మీరొస్తే మళ్లీ ఏదో ఒకటి తినిపిస్తారు."

గోరుచిక్కుడు విరిగిన చప్పుడు వినిపించింది.

"క్లినిక్ అమ్మాయి నాకూ ఫోన్ చేసిందండీ. మూడు గంటలు ఏం తినొద్దు ఆంటీ అని రెండుసార్లు చెప్పింది. సాటర్‌డే ఫాస్టింగ్ అని ఆ స్కాన్ తీసే ఆవిడకి చెప్తుంటే మీ మొహం చూడాల్సింది."

"తెలిసి మరెందుకు తిన్నావు?"

ఆమె ఇంకో నాలుగు తుంచింది.

"భయమేసింది. ఇంత పొడుగున కోస్తారటగా. నేను ఆపరేషన్ బల్ల మీద ఉంటే నందిత ఫీజులు, పరీక్షలు, తిండి, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. వద్దని అన్నయ్యకి ఎలా చెప్పను? మీరు పళ్లెం తెచ్చి పెట్టారు. తిన్నాను. తప్పు మీదవుతుంది కదా అనుకున్నాను." గిన్నె కొంచెం పక్కకు జరిపింది. "అట్లు బాగానే ఉన్నాయి. ఉప్పు తక్కువ."

"మరి రేపు కూడా..."

"తినను. అన్నయ్య కళ్లు చూశారు కదా. ఒకసారి తినగలిగాను. రెండోసారి నా వల్ల కాదు. రేపు బాగా వస్తే టికెట్ తీయండి. నన్ను ఆపొద్దు."

"బాగా రాకపోతే?"

"రాకపోతే ఆ దేవుడే వద్దన్నాడనుకుంటాను. అప్పుడు వదిన ఏమన్నా పడతాను."

బుధవారం పొద్దున కాత్యాయని స్నానానికి వెళ్లినప్పుడు శ్యాంసుందర్ దేవుడి అలమర తలుపులు తెరిచాడు. ఆ పని కూడా అతను ఎప్పుడూ చేసింది కాదు. దీపం వెలిగించడం రాక అగ్గిపుల్లలు విరగ్గొట్టాడు. చేతులు జోడించి ఒకే ఒక్క కోరిక కోరాడు. ఆ అంకె తగ్గకూడదు. పందొమ్మిది కాకపోయినా పది ఉంటే చాలు, పన్నెండైనా మంచిదే, ఆమెను కోయకుండా ఉంటే చాలు.

కోరికలు కోరేవాణ్ణి దేవుడు, ఏమడుగుతున్నావో ఇంకోసారి ఆలోచించుకోమని వెనక్కి పంపడు.

*

"నో మకాన్ టుడే ఆ, ఆంటీ?" అంది రోహానా, ఏమీ తినలేదు కదా అని.

"నో మకాన్. నో కాఫీ" అంది కాత్యాయని.

అదే మంచం, అదే చల్లటి జెల్. చేయి తల కింద పెట్టుకుని, కాలు కాలి మీదుగా వేసి, చెప్పకుండానే ఒళ్లు సర్దుకుంది. టక్. టక్. శ్యాంసుందర్ ఈసారి మెడ చాచలేదు. చూసే అవసరం రాలేదు. రోహానా మొదటి నాలుగు దెబ్బలకే పరికరం తీసి, గుడ్డతో తుడిచి, ఇంకో సందు వెతికి మళ్లీ మొదలుపెట్టింది. అక్కడా అంతే వచ్చినట్టుంది. వెతకడం మానేసి మిగిలినవి చకచకా కొట్టేసింది.

డాక్టరు గదిలో తెర మీద రెండు అంకెలు పక్కపక్కన ఉన్నాయి. శనివారం పందొమ్మిదిన్నర. ఇవాళ పదహారు.

"తిండి వల్ల పెరిగింది ఆ తేడా వరకే" అన్నాడు డాక్టరు. "మిగతాది ఆవిడదే."

శ్యాంసుందర్‌కు మొదట సంతోషమే కలిగింది. తప్పిపోయింది. కోయరు. అప్పుడు డాక్టరు తన కుర్చీని అతని వైపు నుంచి కాత్యాయని వైపు తిప్పుకున్నాడు. దాతతో వచ్చిన బంధువుతో మాట్లాడే మాట అయిపోయిందని, రోగితో మాట మొదలైందని శ్యాంసుందర్‌కు ఆ కుర్చీ తిరగడంలో అర్థమైంది.

డాక్టరు మెల్లగా, చిన్న చిన్న మాటలతో చెప్పాడు. కాలేయంలో కొవ్వు చేరి చాలా ఏళ్లయి ఉంటుంది. తాగనివాళ్లకూ వస్తుంది, సన్నగా ఉన్నవాళ్లకూ వస్తుంది, మనవాళ్లకు మరీ వస్తుంది. కొవ్వు వల్ల పుండు, పుండు మానిన చోట మచ్చ. ఇప్పుడు కాలేయమంతా మచ్చలు కట్టి గట్టిపడుతోంది. స్కాన్ ఒక్కటే అయితే ఇంకా అనుమానించేవాణ్ణి, కానీ శనివారం ఇచ్చిన రక్తంలో ప్లేట్‌లెట్లు తక్కువున్నాయి. స్కాన్ దారి వేరు, రక్తం దారి వేరు. రెండూ ఒకే చోటికి వచ్చాయి.

"ఆవిడ కాఫీ తాగింది డాక్టర్" అన్నాడు శ్యాంసుందర్.

డాక్టరు అతని వంక చూశాడు.

"పొద్దున కాఫీ తాగింది. పాలు పోసి. బిస్కట్ కూడా తిన్నది. ఇంకోసారి చేద్దాం. శుక్రవారం... శుక్రవారం నేనే దగ్గరుండి..."

"నేనేమీ తాగలేదు" అంది కాత్యాయని.

"నీకు గుర్తులేదు."

"తాగలేదండీ. పరగడుపునే వచ్చాను." తెలుగులోనే అంది. అని అతని మోకాలి మీద చేయి వేసింది. ఆ చేయి అంచు ఎర్రగా ఉంది. అతను దాన్ని చూడకుండా గోడ మీద వేలాడుతున్న కాలేయం బొమ్మను చూశాడు.

డాక్టరు చేయాల్సినవి చెప్పాడు. లోపల రక్తనాళాలు ఉబ్బాయేమో గొట్టం వేసి చూడాలి. ఆర్నెల్లకోసారి స్కానింగు. షుగరు అదుపులో పెట్టాలి, ఒక్క రోజు కూడా అశ్రద్ధ పనికిరాదు. మందులున్నాయి, చాలామందికి ఇక్కడే ఆగుతుంది. ఆగకపోతే అప్పుడు చూద్దాం. అప్పుడు ఏం చూడాలో ఎవరూ అడగలేదు.

"మీ అన్నగారికి ఇవ్వడం గురించి ఇక ఆలోచించకండి మేడమ్. మీ దగ్గర ఇవ్వడానికి లేదు."

*

సాయంత్రం కాత్యాయనే తెనాలికి ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టి భోజనాల బల్ల మీద ఉంచింది. నందిత ఎదురుగా ల్యాప్‌టాప్ ముందు, ఒక చెవిలో మాత్రం ఇయర్‌ఫోన్ పెట్టుకుని కూచుంది. శ్యాంసుందర్ కిటికీ దగ్గర నిలబడ్డాడు. కింద ఎవరో పిల్లల్ని అన్నానికి పిలుస్తున్నారు.

"వదినా, ఇవాళ ఏం తినకుండానే వెళ్లాను. నాకే బాలేదట. లివర్ గట్టిపడిపోయిందట."

"ఊఁ" అంది లక్ష్మీదేవి. గొంతులో ఆశ్చర్యం లేదు. "అనుకున్నాను. మొన్న పెసరట్టు, ఇవాళ జబ్బు. శశికాంత్ గారి భార్యకి కూడా మొన్నే నడుం నొప్పి మొదలైంది. ఈయన మంచం పట్టిన దగ్గర్నుంచి మా చుట్టాల్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఒక్కరూ లేరమ్మా."

"అమ్మా, ఆ మాట..." శ్యాంసుందర్ కిటికీ దగ్గర్నుంచి రెండడుగులు వేశాడు. ఆమె ఇప్పుడు అంటున్న అబద్ధాన్నే నాలుగు రోజుల కిందట అతను తయారుచేశాడు. ఇప్పుడు నిజం చెప్పడానికి అతని దగ్గర వేరే మాటలు లేవు.

అవతల ఏదో సర్దిన చప్పుడైంది. "ఇటివ్వు" అన్న మాట వినపడింది. తర్వాత విశ్వనాథం ఊపిరి దగ్గరగా వినిపించింది.

"అమ్మలూ."

"అన్నయ్యా."

"స్కాన్‌లో ఎంతొచ్చింది?"

"అదంతా నీకెందుకులే అన్నయ్యా. నేను..."

"అంకె చెప్పమ్మా."

"పదహారు."

నందిత ల్యాప్‌టాప్ మీది చేతులు తీసేసింది.

"నాకు మొదటిసారి పదకొండు" అన్నాడు విశ్వనాథం. "ఆరేళ్లయింది. రోటరీ క్లబ్బు వాళ్లు ఉచితంగా తీశారు, మా స్కూల్లోనే. తీసిన కుర్రాడు, మాస్టారూ మీరు తాగరు కదా, ఏదో తిని వచ్చుంటారు, మిషను తప్పు చూపించింది అన్నాడు. నేనూ ఎంత సంతోషంగా ఒప్పుకున్నానో! ఇంటికొచ్చి మీ వదినకి కూడా చెప్పలేదు." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "నువ్వు ఒప్పుకోకు. మిషను తప్పని ఎవడు చెప్పినా వినకు. నా సంగతి ఇక వదిలెయ్."

"నువ్వెలా అన్నయ్యా..."

"వదిలెయ్యమన్నానుగా."

వెనకాల లక్ష్మీదేవి ఏడుపు మొదలైంది. ఈసారి అందులో మాటలు లేవు.

"బావగారూ, ఉన్నారా?"

"ఉన్నాను బావగారూ."

"మీ బ్లడ్ గ్రూపేంటి?"

"ఎ పాజిటివ్."

"దానిది బి. అయితే మీది పనికిరాదు" అన్నాడు విశ్వనాథం, క్లాసులో తప్పు లెక్క కొట్టేసినట్టు. "ఇప్పుడే అని కాదు. నాలుగేళ్లు పట్టొచ్చు, పదేళ్లు పట్టొచ్చు, అసలు రాకనే పోవచ్చు. కానీ నాలాగా ఆఖరి రోజున చుట్టాల మొహాలు చూడొద్దు. ముందే చూసుకోండి, ఎవరున్నారో."

ఫోన్ ఆగిపోయింది. ఎవరు పెట్టేశారో తెలియలేదు.

కాత్యాయని కొంగుతో ఫోన్ అద్దం తుడిచింది. దాని మీద ఏమీ లేదు. శ్యాంసుందర్ కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూచున్నాడు. ఏదైనా తింటావా అని అడగబోయి మానేశాడు.

నందిత రెండో చెవిలోంచి కూడా ఇయర్‌ఫోన్ తీసేసింది. "అమ్మా."

"ఊఁ."

"వాట్స్ మై బ్లడ్ గ్రూప్?"

శ్యాంసుందర్ బల్ల అంచు పట్టుకున్నాడు. నందిత పుట్టిన రోజునే ఆస్పత్రిలో చెప్పారు. బి పాజిటివ్. తల్లి పోలికే, రక్తం కూడా తల్లిదే అని అప్పుడు అతను అందరికీ ఫోన్లు చేసి గొప్పగా చెప్పుకున్నాడు.

"గుర్తులేదు" అన్నాడు.

"ఎలా గుర్తుండదు, డాడీ? యూ రిమెంబర్ ఎవ్రీథింగ్ వాట్."

"నీది నాన్న గ్రూపే" అంది కాత్యాయని.

తల ఎత్తకుండా అంది. ఇరవయ్యేళ్లుగా ఈ పిల్లకు జ్వరం మందు చేదుగా ఉండదని, సూది నొప్పి పెట్టదని చెప్పిన గొంతే అది. శ్యాంసుందర్ భార్య వంక చూశాడు. ఆమె అతని వంక చూడలేదు.

"ఎ పాజిటివ్? ష్యూర్ ఆ?"

"ష్యూర్" అంది కాత్యాయని.

నందిత తల్లిని, తండ్రిని మార్చి మార్చి చూసింది. తర్వాత ల్యాప్‌టాప్ తనవైపు లాక్కుంది.

"ఓకే లా. నెక్స్ట్ వీక్ క్యాంపస్‌లో బ్లడ్ డొనేషన్ ఉంది. ఎనీవే ఐ విల్ చెక్."